టర్కిష్ నైట్‌కు వెళ్తున్నారా? విందు, నృత్యాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టర్కీ యాత్రలో కప్పడోకియా వెళ్లినవారికి 'టర్కిష్ నైట్' అనే మాట హోటల్‌లో అడుగుపెట్టగానే వినిపిస్తుంది. కొండను తొలిచి కట్టిన హాలులో రాత్రి భోజనం, భోజనంతోపాటు నృత్య ప్రదర్శన. వెళ్లాలా వద్దా, శాకాహారులు ఏం తినాలి, పిల్లలను తీసుకెళ్లవచ్చా అని అడిగేవారి కోసం ఈ సమాధానాలు రాస్తున్నాను. నృత్యాల గురించి కాస్త ఎక్కువే ఉంటుంది. చూడటానికి వెళ్లేది వాటినే అయినా, ఏ నృత్యం ఏ ప్రాంతానిదో హాలులో ఎవరూ చెప్పరు. ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లిపోతాయి.

టర్కిష్ నైట్ అంటే ఏమిటి? సాయంత్రం ఎలా గడుస్తుంది?

సాధారణంగా రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో హోటల్ దగ్గరికి వ్యాను వస్తుంది. మళ్లీ హోటల్ చేరేసరికి పదకొండు దాటుతుంది. హాలు మధ్యలో గుండ్రటి వేదిక ఉంటుంది. దాని చుట్టూ రాతిలో తొలిచిన అరల్లో పొడవాటి బల్లలు వేసి ఉంటాయి. మీరు కూర్చునేసరికే చల్లని చిరువంటకాలు బల్ల మీద సిద్ధంగా ఉంటాయి. వాటిని తింటుండగానే ప్రదర్శన మొదలవుతుంది. మధ్యలో వేడి వంటకం, చివర్లో పండ్లో, బక్లావా అనే మిఠాయో వస్తాయి. జానపద నృత్యాలు, పెళ్లి ఘట్టం, బెల్లీ డాన్స్, ప్రేక్షకులను కలుపుకొని ఆడే నృత్యం దాదాపు ప్రతిచోటా ఉంటాయి. కొన్నిచోట్ల దర్వేషులనే సూఫీ సాధువులు గిరగిరా తిరుగుతూ చేసే సెమాతో మొదలుపెడతారు. ఇంకొన్నిచోట్ల మధ్యలో అందరినీ ఆరుబయటికి తీసుకెళ్లి నెగడు చుట్టూ ఆడిస్తారు.

కప్పడోకియాలో చూడాలా, ఇస్తాంబుల్‌లో చూడాలా?

రెండు చోట్లకూ వెళ్తుంటే కప్పడోకియానే ఎంచుకోమంటాను. కారణం ఆ హాలే. పదుల లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తటి రాయి అది. ఉలితో సులభంగా తెగుతుంది. ఆ రాతిని తొలిచే అక్కడివారు ఇళ్లు, చర్చిలు, పావురాల గూళ్లు, భూగర్భ నగరాలు కూడా కట్టుకున్నారు. గోరెమె లోయ 1985 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అలాంటి రాతి గోడల మధ్య డోలు మోగితే ఆ దెబ్బ గుండెల్లో తగులుతుంది. అవానోస్, ఉచ్‌హిసార్, ఉర్గుప్ పరిసరాల్లో ఇలాంటి హాళ్లు ఉన్నాయి.

ఇస్తాంబుల్‌లో ఎక్కువగా అమ్మేది బాస్ఫరస్ జలసంధిలో పడవ మీద విందు. రెండు ఖండాల ఒడ్డులు, దీపాల వెలుగులో వంతెనలు, రాజభవనాలు చూస్తూ సాగే ప్రయాణం నిజంగా బాగుంటుంది. అయితే కళ్లు కిటికీ వైపు పోతుంటే నృత్యం వెనకబడుతుంది. పైగా పడవలో వేదిక ఇరుకు. భోజనం లేకుండా నృత్యం మాత్రమే చూడాలనుకుంటే సిర్కెజి స్టేషన్ దగ్గర పాత హమామ్ (స్నానశాల) భవనంలో నడిచే హోజాపాషా సాంస్కృతిక కేంద్రం ఉంది. శ్రద్ధగా చూసేవారికి అది మంచి చోటు.

ఇదంతా పర్యాటకుల కోసం పెట్టినదే కదా, అసలైనది ఎంత?

పర్యాటకుల కోసం పెట్టినదే. అందులో దాపరికం ఏమీ లేదు. టర్కీ కుటుంబాలు మామూలు రోజుల్లో ఇలా భోజనం చేయవు. అంతమాత్రాన ఆ నృత్యాలు కల్పితాలు కావు. హలాయ్ అనే నృత్యం ఈనాటికీ తూర్పు, మధ్య అనతోలియా (టర్కీలోని ఆసియా భాగం) పెళ్లిళ్లలో అందరూ ఆడేదే. నల్లసముద్రం ఒడ్డున పండగ అంటే హోరోన్ అనే నృత్యం ఉండాల్సిందే. ఊళ్లో గంటల తరబడి సాగే ఆటను ఇక్కడ నాలుగైదు నిమిషాలకు కుదిస్తారు, దుస్తులకు మెరుపులు జోడిస్తారు, ఎక్కడెక్కడివో ప్రాంతాల ఆటలను ఒక వరుసలో పేరుస్తారు. వేదిక చేసే మార్పు అంతే. అడుగులు మాత్రం ఆయా ప్రాంతాలవే. ఆ కళాకారుల్లో చాలామంది ఏళ్ల తరబడి సాధన చేసినవారు. వాళ్లను భోజనాల మధ్య కాలక్షేపంగా చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఏ నృత్యం ఏ ప్రాంతానిది? ఎలా గుర్తుపట్టాలి?

ముందు డోలును గమనించండి. దాని పేరు దావుల్. వాయించేవాడు దాన్ని భుజానికి వేలాడదీసుకుంటాడు. ఒక చేతిలో బరువైన వంకర కర్ర, మరో చేతిలో సన్నని బెత్తం ఉంటాయి. కర్ర దెబ్బకు లోతైన మోత, బెత్తం దెబ్బకు చురుకైన చిటపట. దాని పక్కనే జుర్నా అనే గాలి వాద్యం ఉంటుంది. దాన్ని ఊదే మనిషి బుగ్గలు చూడండి. బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకుంటాడు, అందుకే స్వరం ఎక్కడా తెగదు. ఈ రెండూ ఆరుబయట, ఊరంతటికీ వినిపించడానికి పుట్టిన వాద్యాలు. గుహలో అవి ఎంత పెద్దగా మోగుతాయో ఊహించుకోవచ్చు.

దావుల్, జుర్నా మోగుతుండగా ఆడేవాళ్లు చిటికెన వేళ్లు పెనవేసుకుని, భుజం భుజం కలిపి ఒకే వరుసగా కదిలితే అది హలాయ్. వరుసకు మొదట ఉన్నవాడు చేతి రుమాలు తిప్పుతుంటాడు. వేగం పెంచాలా, అడుగు మార్చాలా అన్నది అతడి చేతిలోనే ఉంటుంది. నెమ్మదిగా మొదలై ఊపందుకోవడమే దీని అందం.

జెయ్‌బెక్ దీనికి పూర్తిగా భిన్నం. ఇది పశ్చిమాన, ఏజియన్ తీరంలోని ఇజ్మీర్, ఐదిన్ వైపు కొండల్లోని వీరుల నృత్యం. ఎక్కువసార్లు ఒక్కడే ఆడతాడు. చేతులు భుజాల ఎత్తున బార్లా చాచి, తొందరేమీ లేకుండా చుట్టూ ఒకసారి కలియచూసి, ఒక్కో అడుగూ తూచినట్టు వేసి, చివరికి మోకాలు నేలకు తాకిస్తాడు. లయ తొమ్మిది మాత్రలది. తాళం వేద్దామని ప్రయత్నిస్తే చివరి మూడు మాత్రల దగ్గర చేయి తడబడుతుంది. మొత్తం ప్రదర్శనలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అంత మోత మధ్యలో ఒక మనిషి నింపాదిగా నిలబడి హాలునంతా తన వైపు తిప్పుకుంటాడు. దురదృష్టవశాత్తు వేడి వంటకం కూడా చాలాచోట్ల ఇదే సమయానికి వస్తుంది. పళ్లెం కాసేపు ఆగినా నష్టం లేదు.

నల్లసముద్ర తీరపు హోరోన్‌ను గుర్తుపట్టడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కెమెంచె అనే చిన్న మూడు తీగల వాద్యాన్ని కమానుతో విసురుగా లాగుతుంటే, నల్ల దుస్తుల కుర్రాళ్లు భుజాలు వణికిస్తూ మోకాళ్లు ఆడిస్తూ మెరుపులా కదులుతారు. వలలో పడిన హమ్సి చేప ఇలాగే కొట్టుకుంటుందని ఆ తీరంవాళ్లే అంటారు. హమ్సి వాళ్ల నిత్యాహారం.

చేతికి రెండేసి కొయ్య గరిటెలు వెన్నులు కలిపి పట్టుకుని టకటకలాడిస్తే అది కోన్యా, సిలిఫ్కే వైపు చెంచాల ఆట. ఎత్తయిన బొచ్చు టోపీలు, నడుముకు బాకులు, మెత్తటి బూట్లలో కాలివేళ్ల మీద లేచి నిలబడే మగవాళ్లు కనిపిస్తే అది ఈశాన్యాన కార్స్ వైపు కనిపించే కాకసస్ నృత్యం. కొన్నిచోట్ల బుర్సా నగరపు కత్తి డాలు ఆట కూడా ఉంటుంది. దానికి వాద్యమే ఉండదు. కత్తి డాలుకు తగిలే చప్పుడే తాళం. అప్పటిదాకా చెవులు దద్దరిల్లిన హాలులో ఉన్నట్టుండి ఆ ఇనుప మోత ఒక్కటే మిగులుతుంది.

పెళ్లి ఘట్టంలో ఏం జరుగుతుంది?

ఇది పెళ్లికి ముందురోజు ఆడవాళ్లు జరుపుకునే గోరింటాకు రాత్రి. పెళ్లికూతురి ముఖం మీద ఎర్రటి మేలిముసుగు కప్పి మధ్యలో కూర్చోబెడతారు. కొవ్వొత్తులు పట్టుకున్న అమ్మాయిలు చుట్టూ తిరుగుతూ పుట్టిల్లు విడిచివెళ్లే పాట పాడతారు. ఆమెకు కన్నీళ్లు రావాలి, అది ఆచారం. ఆమె చేతివైపు చూస్తూ ఉండండి. గోరింటాకు పెట్టబోతే గుప్పిట బిగించి తెరవదు. అత్తగారు వచ్చి బంగారు నాణెం పెట్టాకే అరచేయి విప్పుతుంది. వేదిక మీద దీన్ని ఒక్కోసారి హడావిడిగా ముగించేస్తారు. సంగతి తెలిసి చూస్తే మాత్రం ఆ చిన్న పంతం ముచ్చటగా ఉంటుంది.

గిరగిరా తిరిగే దర్వేషులను ఇక్కడే చూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. సెమా నృత్యం కాదు, ఆరాధన. 1273 డిసెంబరు 17న కోన్యాలో కన్నుమూసిన సూఫీ కవి మెవ్లానా జలాలుద్దీన్ రూమీ మార్గంలో నడిచే మెవ్లెవీలది ఆ సంప్రదాయం. తలమీది పొడవాటి ఉన్ని టోపీ అహంకారానికి కట్టిన సమాధి రాయి. తెల్లటి గౌను ఆ అహం కప్పుకునే శవవస్త్రం. పైన వేసుకున్న నల్లటి అంగీ సమాధి. నల్ల అంగీ విడిచి, గుండెల మీద అడ్డంగా పెట్టుకున్న చేతులను మెల్లగా విప్పుతారు. కుడి అరచేయి ఆకాశం వైపు, ఎడమ అరచేయి నేల వైపు ఉంటాయి. దైవం నుంచి అందుకున్నది తన దగ్గర ఉంచుకోకుండా లోకానికి అందించడం అందులోని భావం. ఎడమ పాదం నేలను వదలదు. నేయ్ అనే వేణువు నెమ్మదిగా పలుకుతుండగా నాలుగు ఘట్టాలుగా సాగుతుంది.

1925లో టర్కీ గణతంత్ర ప్రభుత్వం దర్వేషుల మఠాలన్నింటినీ మూసివేసింది. 1950లలో కోన్యాలో రూమీ స్మారక కార్యక్రమంగా సెమాను మళ్లీ బహిరంగంగా జరపడం మొదలైంది. 2008లో అది యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. అంత చరిత్ర ఉన్నదాన్ని గ్లాసుల చప్పుడు మధ్య పది నిమిషాల అంశంగా చూడటం సరికాదని నా అభిప్రాయం. టర్కీలోనూ ఇలా అనేవారు ఉన్నారు.

అసలైన చోట్లు దూరం కూడా కాదు. అవానోస్ దగ్గర 13వ శతాబ్దంలో సెల్జుక్ రాజులు కట్టించిన సారుహాన్ సత్రంలో సెమా మాత్రమే జరుగుతుంది, భోజనం ఉండదు. ఇస్తాంబుల్‌లో 1491లో ఏర్పడిన గలతా మెవ్లెవీ మఠం ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఎక్కువగా ఆదివారాల్లో సెమా జరుగుతుంది. డిసెంబరులో వెళ్తే కోన్యా వెళ్లండి. రూమీ వర్ధంతి 17వ తేదీతో ముగిసే స్మారక దినాలు ఆ ఊరికి పెద్ద పండగ. టిక్కెట్లు ముందే అయిపోతాయి.

విందులోనే సెమా వస్తే ఆ పది నిమిషాలూ చెంచా పక్కన పెట్టండి. మాట్లాడవద్దు, ఫోను వెలిగించవద్దు, చప్పట్లు కొట్టవద్దు.

బెల్లీ డాన్స్ ఉంటుందట. పిల్లలతో, అమ్మానాన్నలతో కలిసి చూడవచ్చా?

చూడవచ్చు. చాలా కుటుంబాలు పిల్లలతోనే వస్తాయి. నర్తకి దుస్తులు కురచగా ఉంటాయి, ఆ నృత్యం పావుగంటలో ముగుస్తుంది. మధ్యలో ఎవరో ఒకరిని వేదిక మీదికి పిలిచి సరదాగా ఆడిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఇబ్బందిగా అనిపించవచ్చనుకుంటే బయలుదేరే ముందే చెప్పి ఉంచండి. కప్పడోకియా జానపద నృత్యాల్లో ఇది భాగం కాదు. నగరాల వినోదశాలల్లో పెరిగిన కళ. ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద బొమ్మ ఆమెదే అయినా, ఆ రాత్రి బలం జానపద బృందంలోనే ఉంటుంది.

పసిపిల్లలతో అసలు చిక్కు వేరే ఉంది. రాతి గదిలో శబ్దం చాలా ఎక్కువ. గుండె జబ్బు ఉన్న పెద్దవారికి కూడా వేదికకు దూరంగా చోటు అడగండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. చాలామంది భయపడేదానికంటే బాగానే దొరుకుతుంది. మెజే అని పిలిచే చల్లని చిరువంటకాల్లో సగానికి పైగా మాంసం ఉండదు. నీరు తీసిన గట్టి పెరుగులో వెల్లుల్లి, ఎండు పుదీనా కలిపిన హైదరి, శనగలతో చేసే హుమ్ముస్, టమాటా, మిరపకాయలు సన్నగా తరిగి చేసే కారపు ఎజ్‌మే, కాల్చిన వంకాయ గుజ్జు, దోసకాయ పెరుగు కలిపిన జాజిక్, తెల్ల జున్ను పెట్టి వేయించిన చుట్టలు వస్తాయి. వేడి రొట్టె ఎంత కావాలంటే అంత తెస్తారు. కారం తినే నోటికి ఎజ్‌మే నచ్చుతుంది. తాగడానికి అయ్‌రాన్ అడగండి, ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగ.

జాగ్రత్త పడాల్సినవి మూడు. మొదటిది, ద్రాక్షాకుల్లో చుట్టిన సార్మా. ఆలివ్ నూనెతో చేసి చల్లగా పెట్టేదానిలో మాంసం ఉండదు. వేడివేడిగా పైన పెరుగు పోసి ఇచ్చేదానిలో సాధారణంగా ఖీమా ఉంటుంది. రెండోది పిలావ్. అన్నం చూడటానికి తెల్లగా ఉన్నా కోడి ఉడికించిన నీళ్లతో వండే అలవాటు ఉంది. మూడోది పప్పు సూపు, దానిదీ ఇదే సంగతి. అడిగితే చెబుతారు, దాచరు.

అడగడంలో ఒక మెళకువ ఉంది. టర్కీలో 'ఎత్' అంటే ఎక్కువమందికి గొర్రె, ఆవు మాంసమే గుర్తొస్తుంది. ఎత్ తినను అని మాత్రమే చెబితే కోడిమాంసం తెచ్చి పెట్టవచ్చు. అందుకే 'ఎత్, తవుక్, బాలిక్ యెమియోరుమ్' అని మూడూ చెప్పండి. మాంసం, కోడి, చేప తిననని దాని అర్థం. గుడ్డు కూడా తినకపోతే 'యుముర్తా' అనే మాట చేర్చండి. ఇది టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెప్పి, హాలులో కూర్చోగానే మరోసారి చెప్పాలి. వందలమందికి ఒకేసారి వడ్డించే చోట చివరి నిమిషంలో చెబితే పచ్చికూర ముక్కల పళ్లెం తప్ప మరేదీ రాదు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని వారు ముందే ఎక్కడైనా తిని, ప్రదర్శన చూడటానికే వెళ్లడం మేలు.

మాంసాహారులకు ఏముంటుంది? హలాలేనా?

కోడి, గొర్రె, చేప వంటకాల్లో ఒకటి ఎంచుకోమంటారు. టర్కీలో మాంసం సాధారణంగా హలాలే, పంది మాంసం ఈ విందుల్లో కనిపించదు. తెస్తి కెబాబ్ ఉంటే అదే తీసుకోండి. కిజిలిర్మాక్ నది ఎర్రమట్టితో అవానోస్ కుమ్మరులు చేసే కూజాల్లో మాంసం, టమాటా, ఉల్లి, మిరపకాయలు పెట్టి, మూతి బిగించి, గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. వడ్డించేవాడు కూజాను బల్ల దగ్గరికే తెచ్చి, మెడ చుట్టూ కత్తి వెన్నుతో తట్టుకుంటూ వచ్చి, ఒక్క దెబ్బతో పై భాగం ఎగరగొడతాడు. ఆవిరి గుప్పున లేస్తుంది. ఈ కూజా పెద్ద విందుల్లో అందరికీ రాదు. మామూలు హోటళ్లలో కొన్ని గంటల ముందే చెప్పి చేయించుకోవచ్చు.

మద్యం తాగనివారికి ఇబ్బంది ఉంటుందా?

ఉండదు. టర్కీలోనే తాగనివారు ఎందరో ఉన్నారు. పళ్లరసం, శీతల పానీయాలు, టీ అడగండి. తాగేవారికి సాధారణంగా స్థానిక వైన్, బీరు, రాకి టిక్కెట్టులోనే కలిసి ఉంటాయి. విదేశీ మద్యానికి వేరే డబ్బు. రాకి ద్రాక్ష నుంచి తీసి సోంపు జాతి గింజతో వాసన పట్టించే సారా. నీళ్లు కలిపితే పాలలా తెల్లబడుతుంది. చూడటానికి అమాయకంగా ఉన్నా ఆల్కహాలు సాధారణంగా 45 శాతం ఉంటుంది. నీళ్లు కలుపుకుని, మెజే తింటూ, నిదానంగా తాగడమే అక్కడి పద్ధతి.

వేదిక మీదికి లాగితే ఏం చేయాలి?

వెళ్లండి. మీరు అడుగు తప్పితే నవ్వేవారు ఎవరూ ఉండరు, అక్కడ అందరూ తప్పేవారే. ఇష్టం లేకపోతే కుడిచేయి గుండె మీద పెట్టుకుని చిన్నగా తల వంచండి. మర్యాదగా వద్దనడానికి ఆ దేశంలో అందరికీ తెలిసిన సైగ అది. అసలే పిలవకూడదనుకుంటే వేదిక ఒడ్డున కాకుండా రెండో వరుసలో, లోపలి వైపు కూర్చోండి.

ఏ బట్టలు వేసుకోవాలి?

మామూలు బట్టలు చాలు. కప్పడోకియా వెయ్యి మీటర్లకు పైన ఉన్న పీఠభూమి కాబట్టి ఎండాకాలంలోనూ రాత్రి చలేస్తుంది. పలచటి స్వెటరు ఉంచుకోండి.

ధర, ఫొటోలు, టిప్పుల సంగతి ఏమిటి?

ధరలు ఎక్కువగా యూరోల్లో చెబుతారు. ఒకే హాలుకు హోటల్‌లో ఒక ధర, వీధిలోని ట్రావెల్ ఏజెన్సీలో మరో ధర, ఆన్‌లైన్‌లో ఇంకో ధర ఉండటం మామూలే. మూడూ చూసి తీసుకోండి. రానుపోను వ్యాను, పానీయాలు, భోజనం కలిసి ఉన్నాయో లేదో, వేదికకు ఎంత దూరంలో కూర్చోబెడతారో ముందే రాతపూర్వకంగా అడగండి. స్తంభం వెనక చోటు దొరికితే రాత్రంతా వృథా. లోపలికి వెళ్లేటప్పుడే ఫొటో తీసి, చివర్లో అచ్చు వేసి తెచ్చి అమ్ముతారు. కొనాలన్న నియమం లేదు. వడ్డించినవారికి కొంత టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. నర్తకికి డబ్బు ఇవ్వడం మీ ఇష్టం. ఇస్తే చేతికి ఇవ్వండి.

మర్నాడు తెల్లవారుజామున వేడిగాలి బెలూన్ ప్రయాణం ఉంది. ముందురోజు రాత్రి వెళ్లవచ్చా?

వద్దు. వేసవిలో బెలూన్ వ్యాను తెల్లవారుజామున నాలుగింటికే రావచ్చు. అర్ధరాత్రి దాకా డోలు విని, మూడున్నరకు లేవడం రెండింటికీ అన్యాయం. పైగా గాలి ఎక్కువగా ఉంటే విమానయాన అధికారులు ఆరోజు బెలూన్లను ఆపేస్తారు, మీ వంతు మర్నాటికి జరుగుతుంది. అందుకే మొదటి తెల్లవారునే బెలూన్‌కు కేటాయించి, అది ఎక్కి దిగాక ఆ రాత్రి విందుకు వెళ్లేలా చూసుకోండి.

మధ్యలో అలసిపోతే వచ్చేయవచ్చా?

వచ్చేయవచ్చు కానీ వ్యాను అందరికీ కలిపి చివర్లోనే బయలుదేరుతుంది. ముందే రావాలంటే హాలువారిని అడిగి టాక్సీ పిలిపించుకోవాలి, ఆ డబ్బు మీదే. పసిపిల్లలతో, వృద్ధులతో వెళ్లేవారు బస చేసిన ఊళ్లోనే హాలు చూసుకుంటే ఈ ఖర్చు తక్కువలో పోతుంది.